తమను తాము మరిచిపోని కణాలు

"మా సంస్థలో పెరిగిన కణం ప్రాణం పోయినా తానెవరో మరిచిపోదు!" అని డైరెక్టరుగారు సెలవిచ్చారు. సభ చప్పట్లతో దద్దరిల్లింది. వెనక వరసలో కూర్చున్న టెక్నీషియన్ మాత్రం చేతులు కదపలేదు. ఆ కణాలను మూడేళ్ళుగా రోజూ మేపుతున్నది ఆవిడే మరి!

సంగతేమిటంటే, ఒంట్లో ప్రతి కణంలోనూ ఉన్న పుస్తకం ఒకటే. రక్తనాళం లోపలి పొరలో ఉండే కణం తన పేజీలు తాను చదువుకుని, తక్కినవి అంటించేసుకుంటుంది. పైనుంచి నెత్తురు పారుతున్నంత కాలం బుద్ధిగానే ఉంటుంది. సీసాలో కూర్చోబెట్టి నెలల తరబడి మేపితే అంటింపులు ఊడి, చదవకూడని పేజీలన్నీ చదివి, గాయం మచ్చలో ఉండే మొరటు కణంలా తయారవుతుంది. సంస్థలో సీసాలన్నింటికీ అదే గతి పట్టి నెలయింది. ఎల్లుండి అవి ఆస్పత్రికి వెళ్ళాలి, రోగులకు పెట్టే కృత్రిమ నాళాల లోపల పరవడానికి!

ఆవిడ ఉండబట్టలేక డైరెక్టరుగారి గదికి వెళ్ళి చెప్పింది.

"సార్, ఇవి మారిపోయాయండి. సాగిపోయి ఒకదానిమీదొకటి ఎక్కేస్తున్నాయి. నాళంలో పెడితే దాన్ని పూడ్చేస్తాయి."

"సీసా మీద లేబుల్ ఏముందమ్మా?"

"రక్తనాళపు పొర అనుందండి."

"ఎవరు రాశారు?"

"నేనేనండి. పోయినేడు."

"నీ చేత్తో నువ్వే రాసి, ఇప్పుడు కాదంటే ఎలా? రేపు ఈ కణాలను చూసి ఆమోదించడానికి కమిటీ వస్తోంది. నీ కాంట్రాక్టు కూడా రేపటితోనే ఆఖరు కదూ?" అని ఆయన ఎంతో ఆప్యాయంగా గుర్తుచేశారు.

ఇంట్లో సంగతంతా విని అత్తగారు ఒక్కటే మాటన్నది. "ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చే. ప్రాణం పోతే ఎక్కడ వెతుకుతాం?"

మర్నాడు కమిటీవారు ఐదుగురూ మడతలైనా పోని కొత్త తెల్లకోట్లు తొడుక్కుని వచ్చారు. టెక్నీషియన్ వెచ్చని పెట్టెలోంచి సీసా అప్పుడే బయటికి తీస్తోంది.

"సార్, ఇంకా..."

"నువ్వుండమ్మా, అవతల టీ చల్లారిపోతోంది!" అంటూ డైరెక్టరుగారు మైక్రోస్కోపులో కన్ను పెట్టారు. "ఆహా! గులకరాళ్ళు పేర్చినట్టు ఎంత పొందిగ్గా ఉన్నాయి!"

"అద్భుతం! ఒక్కటంటే ఒక్కటి కూడా తానెవరో మరిచిపోలేదు!" అన్నారు కమిటీ అధ్యక్షులు, తామూ కన్ను పెట్టి చూసి. మూడోవారు ఇంత శుభ్రమైన కణాలను జన్మలో చూడలేదన్నారు. మిగతావారు అవునవునన్నారు.

"సీసా ఇంకా నా చేతిలోనే ఉందండి," అంది ఆవిడ.

ఆవిడ సీసా పక్కన పెట్టి, ఒక కాగితం ముందుకు తోసింది. "కణాలు మారిపోయాయని ఇందులో రాశాను. ఈ సీసాలన్నీ పారబోయడానికి సంతకాలు పెట్టండి. మీరేం చూశారో నేనెవరికీ చెప్పను."

ఆరు కలాలు ఒక్కసారే బయటికొచ్చాయి. సాయంత్రానికి సీసాలన్నీ ఖాళీ! ఆస్పత్రికి ఒక్కటీ వెళ్ళలేదు.

నెల తిరక్కుండానే డైరెక్టరుగారికి పెద్ద పురస్కారం ప్రకటించారు. సీసాలో పెరిగే కణాలు తమను తాము మరిచిపోతాయన్న సత్యాన్ని స్వయంగా మైక్రోస్కోపులో కనిపెట్టి, ఎందరో రోగుల ప్రాణాలు కాపాడినందుకట! ఆ కాగితం మీద సాక్షి సంతకాలు ఐదు.

టెక్నీషియన్ కాంట్రాక్టు పొడిగింపు ఫైలు మీద ఆయన స్వహస్తాలతో ఇలా రాశారు: "సంస్థలో ప్రస్తుతం మేపడానికి కణాలేవీ లేనందున ఈ ఉద్యోగం అనవసరం."