ఎక్కువైన ఎనిమిది కిలోలు

ఆ ఉదయం చిల్లుల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, రేసు మోటారుసైకిలుని చివరిసారి తూచడం, గడ్డం గీసుకోవడం. పదకొండింటికి రేసు జట్టు యజమాని వస్తాడు. బండి నూట ముప్పై కిలోలు దాటకపోతే ఈ ఏడు పందెంలో దించుతానని మాటిచ్చాడు. ముప్పయ్యేళ్లుగా పెరటి షెడ్డులో మేస్త్రి కట్టిన బండ్లన్నీ ఎవరెవరి పేర్లతోనో పరిగెత్తాయి. ట్యాంకు మీద తన పేరు రాసుకున్న మొదటి బండి ఇదే. బరువు తగ్గుతుందంటే దేనికైనా చిల్లు పెట్టే మనిషి కాబట్టి ఆయనకా బిరుదు వచ్చింది. ఇంట్లో మామూలు గరిటె అన్నది మిగల్లేదు, అన్నీ చిల్లుల గరిటెలే.

పడగ్గదిలోంచి బరువు చూసుకునే మిషను తెచ్చి ముందు చక్రం ఎక్కించాడు, తర్వాత వెనక చక్రం. రెండూ కూడితే నూట ముప్పై ఎనిమిది.

"ఎనిమిది కిలోలు ఎక్కువొచ్చిందే!" అని కేక పెట్టాడు.

ఆయన తన బరువే చూసుకున్నాడనుకుంది వంటింట్లోని భార్య. "రానివ్వండి. కాస్త ఒళ్లుంటే నిండుగా ఉంటుంది."

"రేసుకెళ్లేదానికి నిండుతనం ఎందుకే?"

"ఈ వయసులో మీకు రేసేమిటండీ, చోద్యం కాకపోతే!"

వాదించే తీరిక లేదు. షెడ్డులో చేతిసాయానికుండే బావమరిదిని పిలిచి, "స్వింగ్ ఆర్మ్‌కి చిల్లులు పెట్టు, నేను సీటు సంగతి చూస్తా" అన్నాడు. వెనక చక్రాన్ని మోసే ఆ బోలు కడ్డీకి బావమరిది లోపలి వైపు పది చిల్లులు పెట్టి కాఫీకి వెళ్లాడు. సీటు మెత్త పీకేసి వచ్చిన మేస్త్రికి బయటి వైపు నున్నగా కనిపించింది. బద్ధకస్తుడని తిట్టుకుంటూ తానే అటువైపు ఇంకో పది పెట్టాడు.

అప్పుడొచ్చింది భార్య. మిషను చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, బండిని దీని మీద ఎక్కించారా? ఇది నాలుగు కిలోలు ఎక్కువ చూపిస్తుందండీ. మొన్న నేనే ముల్లు తిప్పి పెట్టాను. ఏడాదిగా తిండి ధ్యాస లేక చిక్కిపోతున్నారు. చూసుకుని బెంగ పెట్టుకుంటారని..."

రెండు చక్రాలు, రెండు నాలుగులు. పొద్దున బండి సరిగ్గా నూట ముప్పై ఉంది. ఆమె మీద కోపం తెచ్చుకోబోయాడు, రాలేదు. బండిని గ్రాముల్లో లెక్కపెట్టే తాను, ఆమెతో కలిసి భోజనానికి కూర్చుని ఎన్నాళ్లయిందో చెప్పలేకపోయాడు. సిగ్గేసింది.

కాఫీ తాగొచ్చిన బావమరిది, లోపలి వైపు తాను పెట్టిన పది చిల్లులు చూపించాడు. ఇంతలో యజమాని రానే వచ్చాడు.

"ఎక్కకండి సార్, ఇవాళ వద్దు" అని మేస్త్రి అడ్డం వెళ్లాడు.

"మీకు మొహమాటం ఎక్కువ" అంటూ ఆయన ఎక్కి కూర్చున్నాడు. కిర్రుమని స్వింగ్ ఆర్మ్ విరిగింది. బండి వెనక భాగం యజమానితో సహా నేల మీద చతికిలపడింది.

ఆయన లేచి దుమ్ము దులుపుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మేస్త్రి గుడ్డతో ట్యాంకు మీది పేరు కప్పబోయాడు.

"ఉండనివ్వండి. ఇది పరిగెత్తదు గానీ, ఇంత అందమైన పనితనం నేనెక్కడా చూళ్లేదు. మా ఆఫీసు గోడకి తగిలిస్తాను. మీ పేరు అందరికీ కనబడేట్టు."

కొత్త కడ్డీ చేసేలోగా ఈ ఏడు పందెం దాటిపోతుంది; ఇంకో బండి మొదలుపెట్టి మళ్లీ ఎదురుచూసే వయసు తనది కాదు. కళ్లు తుడుచుకుని మేస్త్రి సరేనన్నాడు.

ఆ గోడ మీద ఆయన బండిని ఇంతవరకు ఏ బండీ దాటలేదు.