ఆనవాలు లేని పేరు

ఇందుమూలముగా యావన్మంది పాఠకులకు తెలియజేయునది ఏమనగా, హనుమకొండలో ఒక అద్దె ఇంట్లో, పుట్టి పదమూడు రోజులైన ఒక ఆడశిశువుకు ఇంకా పేరు లేదు. ఈ విషయమై శిశువు వైపు నుంచి ఎలాంటి ఫిర్యాదూ అందలేదు. పాలు తాగడం, నిద్రపోవడం, పక్క తడపడం మొదలైన తన విధులన్నీ ఆమె పేరు లేకుండానే సక్రమంగా నిర్వర్తిస్తున్నది. కంగారంతా ఆమె తండ్రి కట్టయ్యది.

కట్టయ్య హసన్‌పర్తి వైపు ఒక ఇంజనీరింగు కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. కాంతి వేగం గురించీ ధ్వని వేగం గురించీ ఏటా మూడు సెక్షన్లకు బోధిస్తాడు. అయితే ఆ రెండింటికన్నా వేగంగా ప్రయాణించేది తన పేరేనని ఆయనకు చిన్నప్పుడే తెలిసిపోయింది. ఆయన ఇంకా గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఉండగానే పేరు లోపలికి వెళ్లి కూర్చునేది. చెరువుకట్ట మీది దేవతకు మొక్కుకుంటే పుట్టాడని తాతకు పెట్టిన పేరు అది. తాత పోయిన నెలకు పుట్టాడని మనవడికీ అదే పెట్టారు. ఆ పేరు వినగానే ఎదుటివాళ్లు ఆయన ఊరు, ఆ ఊళ్లో ఆయన ఇల్లు ఉండే దిక్కు, ఆయన తాత చేసిన పని క్షణంలో లెక్కగట్టేవారు. "కూర్చోండి" అనబోయిన నోరు "కూసో" దగ్గర ఆగేది. మనవాళ్లకు లెక్కలు రావని ఎవరన్నారో గానీ, ఈ ఒక్క లెక్కలో అందరికీ నూటికి నూరే.

అందుకని కట్టయ్యకు ఒకే ఒక్క కోరిక. తన బిడ్డ పేరు విన్నవాళ్లు ఏమీ లెక్కగట్టలేకపోవాలి. బతుకంతా ఆ పిల్లను ఒక్కరంటే ఒక్కరు కూడా "మీరు ఏమోళ్లు?" అని అడగకూడదు. పాఠకులు గమనించగలరు: మనం మర్యాదస్తులం, కులం అనే మొరటు మాట మన నోట రాదు. ఏమోళ్లు అని మాత్రమే అడుగుతాం. అడిగి, జవాబు విని, "ఊరికే అడిగిన, ఏమనుకోకు" అని కూడా అంటాం. అంతటి సంస్కారం మరే దేశంలోనైనా ఉందేమో తెలియదు.

పేరు విషయమై ఇంట్లో ముగ్గురు సభ్యుల సమావేశం జరిగింది. భార్య వినోద బీమా ఆఫీసులో పనిచేస్తుంది, కాబట్టి ప్రమాదాల గురించి ఆమె ఆలోచన వేరు.

"ఆద్య అని పెడదాం. మా ఆఫీసులనే ముగ్గురి బిడ్డలు ఆద్యలు. అందరికున్న పేరైతే ఎవ్వలూ మర్లి చూడరు. పిల్ల గుంపుల కలిసిపోతది" అంది వినోద.

"గుంపుల కలిసుడు ఎందుకు? నా బిడ్డ ఒక్కతే ఉండాలె. ఆ పేరు ఇంకెక్కడా ఉండొద్దు. ఉంటేనే గదా, గీ పేరు ఫలానోళ్లు పెట్టుకుంటరని చెప్పేది" అన్నాడు కట్టయ్య.

"ఒక్కతే ఉంటే అందరి కండ్లు దాని మీదనే పడుతయి. జర ఆలోచించుండ్రి."

కట్టయ్య తల్లి సమ్మమ్మ మనవరాలిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తున్నది. ఆమె తల ఎత్తకుండానే తన ప్రతిపాదన సమర్పించింది.

"ఇంత ఫికర్ ఎందుకు కొడుకా? నా పేరు పెట్టుండ్రి. జాతరల సమ్మమ్మా అని ఒక్క కేక ఏస్తే వెయ్యిమంది పలుకుతరు. తప్పిపోతే దొరుకుడే కష్టం గని, అండ్ల ఏ తప్పు లేదు."

ఈ ప్రతిపాదనను సభ గౌరవపూర్వకంగా విన్నది. విన్నట్టు మినిట్సులో నమోదైంది. అంతకుమించి చర్య తీసుకోలేదు.

మర్నాడు కట్టయ్య హనుమకొండ చౌరస్తా దగ్గర జిరాక్సు సెంటరు పైన, మెట్లెక్కితే ఎడమవైపు ఉన్న ఒక కార్యాలయానికి వెళ్లాడు. బయట బోర్డు మీద "సారంగపాణి, నామ నిర్ణయ నిపుణులు, విదేశాల నుంచి కూడా సంప్రదించబడును" అని ఉంది. లోపల సారంగపాణిగారు రెండు సెల్‌ఫోన్ల మధ్య కూర్చుని ఉన్నారు. నక్షత్రం ఏమిటని ఆయన అడిగారు. నక్షత్రం వద్దు, ఆనవాలు లేని పేరు కావాలి సార్, అన్నాడు కట్టయ్య. సారంగపాణిగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఉపన్యసించారు.

"లెక్చరర్ గారూ! దేవుడి పేరు పెట్టామనుకోండి, ఏ దేవుడని మొదలుపెడతారు. పెద్దదేవుడా, పొలిమేర దేవుడా అంటారు. పువ్వు పేరు పెడితే పూజకు పనికొచ్చే పువ్వా కాదా అని చూస్తారు. సంస్కృతం పెడితే వీళ్లకెందుకు సంస్కృతం అంటారు, తెలుగు పెడితే ఇంకేముంది, తెలిసిపోయింది అంటారు. కాబట్టి మా సంస్థ ఈ మధ్యనే పూర్తిగా కొత్తరకం పేర్లు తయారుచేస్తోంది. వాటికి భాష లేదు, దేవుడు లేడు, వెనకాముందూ ఎవరూ లేరు. ఇలాంటి పేర్లు మానవజాతి భవిష్యత్తు!"

మూడు రోజుల్లో పేరు సిద్ధమైంది. ఇవ్యాంక్ష. దీని అర్థమేమిటని కట్టయ్య అడిగితే సారంగపాణిగారు జాలిగా చూశారు. అర్థం ఉంటే ఎవరో ఒకరు అర్థం చేసుకుంటారు, మీ భయమే అది కదా, అన్నారు. దాంతోపాటు ఒక ధ్రువపత్రం కూడా ఇచ్చారు. "పై పేరునందు ఏ దేవుడు గానీ, ఊరు గానీ, తాత గానీ, వృత్తి గానీ, భావము గానీ లేవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని అందులో ఉంది. కింద గుండ్రటి ముద్ర వేశారు. కట్టయ్య కళ్లు చెమర్చాయి. డిగ్రీ పట్టా అందుకున్నప్పుడు కూడా ఆయన అంతగా కదిలిపోలేదు.

మెట్ల దాకా వచ్చాక సారంగపాణిగారు వెనక్కి పిలిచారు. "రిజిస్టరులో ఒక కాలమ్ ఖాళీగా ఉండిపోయింది, అంతే. ఇంతకీ మీరు ఏమోళ్లు?"

అలవాటు కొద్దీ అడిగాడులే అనుకుని కట్టయ్య ఫోన్ వచ్చినట్టు నటిస్తూ మెట్లు దిగాడు.

ఇరవయ్యొకటో రోజున డాబా మీద షామియానా వేసి తొట్టెల కట్టారు. పిల్ల కళ్లకు నల్లద్దాలు పెట్టి తీసిన ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. సమ్మమ్మ మనవరాలి చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. ఆమె మూడుసార్లూ మూడు రకాలుగా చెప్పింది, అందులో ఒకటి కూడా ఇవ్యాంక్ష కాదు. పిల్ల అన్నింటికీ నవ్వింది.

కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు, విశ్రాంత అధికారి చంద్రమౌళిగారు మైకు అందుకున్నారు. కాలనీలో కట్టయ్యను అందరూ లెక్చరర్ సార్ అనే పిలుస్తారు, గేటుకు పేరు పలక లేదు. కాబట్టి చంద్రమౌళిగారు ఎంతో ప్రేమగా మాట్లాడారు. "సోదర సోదరీమణులారా! పేరు చూసి మనిషిని అంచనా వేసే చీకటి రోజులు పోయాయి. నా నలభై ఏళ్ల సర్వీసులో నేను ఎవరినీ కులం అడగలేదు. అడగకుండానే తెలుసుకున్నాను. ఈ చిన్నారి పేరు మన కాలనీకే గర్వకారణం!" చప్పట్లు మోగాయి. వినోద కూడా కొట్టింది, కట్టయ్య వైపు చూడకుండా.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట చంద్రమౌళిగారు కట్టయ్య భుజం మీద తడి చెయ్యి వేశారు. "పేరు మస్తున్నది సార్. నేనెప్పుడూ విననే లేదు. ఇసొంటి పేర్లు ఏమోళ్లు పెట్టుకుంటరు?"

ఆ రోజు నుంచి ప్రశ్నకు విరామం లేదు. దవాఖానలో టీకా వేసే నర్సు సూది చేతిలో పట్టుకుని అడిగింది. బస్సులో పక్క సీటు పెద్దమనిషి పిల్లకు బిస్కెట్ ఇస్తూ అడిగాడు. ఫోటో స్టూడియోలో అడిగారు. ఏటూరునాగారం అడవి నుంచి తేనె అమ్మడానికి వచ్చిన ఆమె ఒక్కతే అడగలేదు. పేరు విని నవ్వి, పిల్ల నాలుకకు తేనె రాసిపోయింది. అలాంటి లోపాలు అక్కడక్కడా ఉంటూనే ఉంటాయి.

ఫిజిక్సు మనిషి కాబట్టి కట్టయ్య దీన్ని శాస్త్రీయంగా ఆలోచించాడు. తన పేరు విన్నవాళ్లు నోరు తెరవాల్సిన పని ఉండేది కాదు. మనసులోనే లెక్కగట్టుకుని, మనసులోనే ఉంచుకునేవారు. బిడ్డ పేరుతో లెక్క కుదరడం లేదు. లెక్క కుదరకపోతే మనవాళ్లకు అన్నం సయించదు. కాబట్టి నోరు తెరిచి అడుగుతున్నారు. బిడ్డను ఎవరూ అడగకూడదని పెట్టిన పేరు, అడగక తప్పని పరిస్థితిని సృష్టించింది. ఈ సంగతి తేలిన రోజు కట్టయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది. బాత్రూంలో నల్లా తిప్పుకుని ఏడ్చాడు.

పిల్లకు మూడేళ్లు నిండి బడికి వేయాల్సిన వేళ వినోద మాట నెగ్గింది. పేరు మార్పిడికి అఫిడవిట్ రాశారు. మీసేవలో దరఖాస్తు ఇచ్చారు. పేపర్లో ప్రకటన కూడా వచ్చింది. "ఇవ్యాంక్ష అను నేను ఇకపై ఆద్యగా పిలువబడుదునని సమస్త ప్రజలకూ తెలియజేసుకొనుచున్నాను" అని మూడేళ్ల పిల్ల సమస్త ప్రజలకూ తెలియజేసుకున్నది. కట్టయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ఇక తన బిడ్డ వేలమందిలో ఒకతె.

బడి ప్రిన్సిపాల్ శ్రీలత మేడం వాళ్లను ఆదరంగా కూర్చోబెట్టారు. ఆమె వెనక గోడ మీద "అందరం ఒక్కటే" అని నాలుగు రంగుల్లో రాసి ఉంది.

"మా క్యాంపస్‌లో కులం అనే మాటే వినపడదు సార్. పిల్లలు దేవుడి తోటలో పువ్వులు. పువ్వుకు పువ్వుకు తేడా చూపించడం మా పాలసీకి విరుద్ధం" అన్నారు మేడం. ఆ తర్వాత నర్సరీ లిస్టు చూసి కాస్త ఇబ్బందిగా నవ్వారు. "కాకపోతే ఈ సెక్షన్‌లో ఆల్రెడీ నలుగురు ఆద్యలున్నరు. ఆద్యా అంటే నలుగురు లేస్తున్నరు. అందుకే మా టీచర్లు ఇంటిపేరుతోని పిలుస్తున్నరు. మీ ఇంటిపేరు జర గట్టిగ చెప్పండి, పేరు పక్కననే రాసుకుంటది మా స్టాఫ్."

కట్టయ్య పేరు, ఊరు, తాత చేసిన పని, అన్నీ కలిపి చెప్పగలిగినదానికన్నా ఆ ఇంటిపేరు ఎక్కువే చెబుతుంది.

"నంబరు ఇయ్యరాదు మేడం? ఆద్య ఐదు అని పిలవండి. మేమేమీ అనుకోం" అన్నాడు కట్టయ్య.

మేడం నొచ్చుకున్నారు. "నంబరా? పిల్లలను నంబర్లతోని పిలుస్తమా సార్? మానవ గౌరవం అనేది ఒకటుంటది కదా!"

మానవ గౌరవం దృష్ట్యా ఇంటిపేరు రాసుకున్నారు. రోజూ పొద్దున హాజరు పట్టీలో గట్టిగా చదివారు. వారం తిరగకుండానే పిల్ల బడి నుంచి వచ్చి, బ్యాగు కూడా తీయకుండా తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, మనం ఏమోళ్లం? నా పక్కన కూర్చునే పాప వాళ్ల మమ్మీ అడిగి రమ్మన్నది."

కట్టయ్య ముందు ఆమె బ్యాగు తీసి పక్కన పెట్టాడు. తర్వాత పిల్లను ఒళ్లోకి తీసుకున్నాడు. "మనుషులం బిడ్డా. రేపు అట్లనే చెప్పు. మనం మనుషులం."

పిల్ల బుద్ధిగా తలూపింది. మర్నాడు బుద్ధిగానే వచ్చి చెప్పింది.

"అది రాంగ్ ఆన్సరట నాన్నా. కరెక్టుది చెప్పు."

కట్టయ్య ఆ సాయంత్రం కూతురికి ఏం చెప్పాడన్నది ఇక్కడ రాయడం లేదు. రాయకపోతే మాత్రం మీకు పోయేదేముంది? కట్టయ్య, సమ్మమ్మ, చెరువుకట్ట, ఊళ్లో ఇల్లుండే దిక్కు అంటూ మొదటి నుంచీ మీరూ లెక్కగడుతూనే వచ్చారు. లెక్క కుదరనివాళ్లు, ఇంటిపేరు ఎక్కడైనా జారిపోయిందేమోనని రెండుసార్లు వెనక్కి వెళ్లి వెతికారు. కట్టయ్యోళ్ల సంగతి తేల్చేసుకున్న తెలివిగలవాళ్లకు ఇప్పుడు మిగిలింది ఒకటే అనుమానం, ఇది రాసినవాళ్లు ఏమోళ్లని. అడగండి, మనలో మనకు మొహమాటమెందుకు?