అమ్మమ్మ చావుకొచ్చిన ఇంటర్వ్యూ

ఆ ఉదయం కాసోండే వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చెయ్యాలి, అక్క బూపె ఇస్త్రీ చేసి తగిలించిన తెల్లచొక్కాని ముట్టుకోకుండా దూరం నుంచి ఓసారి చూసుకోవాలి, ఆ తర్వాత రోజంతా ఫోను పక్కన కూర్చోవాలి. జిల్లా కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు మొదటి వడపోతలో నిలిచిందనీ, ఇంటర్వ్యూ ఎప్పుడో ఎక్కడో ఫోన్లో చెబుతామనీ మెసేజ్ వచ్చింది. ఫోను ఎత్తనివాళ్ళకి రెండోసారి చెయ్యరని కూడా అందులోనే ఉంది. అందుకని అతను స్నానానికి కూడా ఫోను పట్టుకుని వెళ్ళాడు.

ఇంతకుముందు పెట్టిన దరఖాస్తులన్నీ ఏ గంగలో కలిశాయో ఎవరికీ తెలియదు. బూపె భర్త మంచివాడే గాని, మంచితనానికీ హద్దుంటుంది. ఈసారి కూడా పిలుపు రాకపోతే సోమవారం నుంచి తనతో పాటు లుసాకా రోడ్డు మీద బొగ్గు బస్తాలు అమ్మాలని తేల్చి చెప్పేశాడు. ఇంటర్ పూర్తిచేసి, టైపు నేర్చుకుని, మెడకు టై కట్టుకోవడం కూడా సాధన చేసిన మనిషికి బొగ్గు బస్తా అంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఒంటినిండా సబ్బు, కళ్ళనిండా నురగ ఉన్నప్పుడే ఫోను మోగింది. నంబరు చూసే వీలు లేదు. తడుముకుని చెవిన పెట్టుకున్నాడు.

"హలో, కాసోండే గారేనా? జిల్లా కార్యాలయం నుంచి జేరేని మాట్లాడుతున్నాను."

గొంతు బరువుగా ఉంది. తూర్పు యాస ఉంది. కాసోండేకి వెంటనే అర్థమైపోయింది. ఇది టెంబోగాడి పని! బజారు మూలన గొడుగు కింద ఫోన్లకి రీచార్జీలు చేసే టెంబో వారం రోజులుగా రకరకాల గొంతులతో ఫోన్లు చేసి ఏడిపిస్తున్నాడు. ఒకరోజు మంత్రిగారి కుక్కని తిప్పే ఉద్యోగం ఇచ్చాడు, మరొకరోజు మంత్రి ఉద్యోగమే ఇచ్చాడు. కోప్పడదామంటే వీల్లేదు. టెంబో తూర్పువైపు న్గోనీ, కాసోండే బెంబా. ముత్తాతలు ఈటెలతో పొడుచుకుని అలిసిపోయాక, ఇకమీదట మాటలతోనే పొడుచుకోవాలని రాజీపడ్డ జాతులు అవి. అప్పటినుంచి బెంబా కనబడితే న్గోనీకి బావ, న్గోనీ కనబడితే బెంబాకి బావ. ముక్కూ మొహం తెలియకపోయినా సరే, ఎంత మాటైనా అనవచ్చు, ఎంత మాటైనా పడాలి. న్గోనీలు ఎలుకలు తింటారని వీళ్ళూ, బెంబాలు కోతుల్ని తింటారని వాళ్ళూ ఎత్తిపొడుస్తారు.

"జేరేవా! ఏకంగా మీ రాజుగారి వంశం పేరే పెట్టేసుకున్నావే! ఒరే ఎలుకల తిండిపోతా, పొద్దున్నే ఎన్ని తోకలు నమిలావురా?"

"...మీ ఇంటర్వ్యూ రేపు..." అంది అవతలి గొంతు.

"రేపు కుదరదు! మంత్రిగారి కారు పంపిస్తే ఆలోచిస్తా. అందులో కాల్చిన ఎలుకలు పెట్టకు, నాకు వాసన పడదు. అయినా మీ న్గోనీలకి ఆఫీసులెందుకురా బావా, కలుగులు చాలవూ?"

గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టు చప్పుడయి ఫోను తెగిపోయింది. ఇవాళ్టికి వాడి నోరు మూయించానని కాసోండే పాట పాడుకుంటూ మిగిలిన సబ్బు కడుక్కున్నాడు.

తువ్వాలు చుట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి ముక్కాలి పీట మీద టెంబో కూర్చుని, బూపె ఇచ్చిన ఉడికించిన చిలగడదుంప తింటున్నాడు.

"ఏరా, ఇంత తొందరగా ఎలా వచ్చావు? ఇప్పుడేగా ఫోన్లో మాట్లాడావు!"

"నేనా? నా ఫోను రాత్రే చచ్చిపోయింది. అక్కయ్యనడిగి లోపల చార్జింగుకి పెట్టుకున్నా." టెంబో దుంప కొరకడం ఆపాడు. "ఏం బావా, అలా తెల్లబోయావేం?"

కాసోండే ఫోను చూశాడు. ఆఫీసు నంబరు. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు చదువుకున్నవాడే, కానీ చదివినవన్నీ పరీక్ష ముందు గుర్తొస్తే ఇన్ని దరఖాస్తులు ఎందుకు పెడతాడు? ఇంటర్వ్యూ రేపట. ఏ వేళకో తెలియదు, ఎక్కడో తెలియదు. చెప్పబోతున్న మనిషిని కలుగులోకి పొమ్మన్నాడు.

తిరిగి ఫోను చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ అంతే. మూడోసారికి కాసోండే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి టెంబోకి జాలేసింది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఇటివ్వు. నేను మాట్లాడతా. ఇలాంటివి సర్దడం నాకు వెన్నతో పెట్టిన విద్య."

ఈసారి ఎత్తారు. టెంబో గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, నేను కాసోండే తరఫున మాట్లాడుతున్నాను. ఇందాక వాడు ఏదేదో వాగాడట. దుఃఖమండీ. తెల్లారగట్ల వాళ్ళ అమ్మమ్మ పోయింది. వాడికి మతి స్థిరంగా లేదు."

వాళ్ళ అమ్మమ్మ ములెన్షి ఆ తెల్లారగట్లే దుంపలు ఉడకబెట్టి, చర్చి ఆడవాళ్ళ సమావేశానికి నడిచి వెళ్ళింది.

"అయ్యయ్యో! పెద్దావిడా? బెంబాల ఇంట్లో చావంటే నేను రాకపోతే ఎలా? న్గోనీని, వరసకి బావని! ఆఫీసు కట్టేయగానే వస్తాను. ఇల్లెక్కడ?"

అడిగినవాళ్ళకి దారి చెప్పడం బజారులో అలవాటైన నోరు కదా, టెంబో గడగడా గుర్తులతో సహా చెప్పేశాడు. ఇంటర్వ్యూ సంగతి అక్కడే మాట్లాడదామని జేరే ఫోను పెట్టేశాడు.

"వస్తున్నాడా?"

"వస్తున్నాడు. చావింటికి బావ వరసవాడు రాకుండా ఉంటాడా? నేనైనా వెళ్తాను," అన్నాడు టెంబో. ఆ మాట ముందే ఎందుకు తోచలేదో అతనికీ తెలియదు.

పెనం మీంచి పొయ్యిలో పడ్డ కాసోండే తల పట్టుకున్నాడు. నిజం చెప్పేద్దామంటే, ప్రభుత్వాధికారికి చావు అబద్ధం చెప్పినవాడికి గుమాస్తా కుర్చీ కాదు కదా, దాని కాలు కూడా దక్కదు. జేరే వచ్చి పోయేదాకా అమ్మమ్మని టెంబో పిన్ని ఇంట్లో కూర్చోబెట్టాలని, ఇల్లు మాత్రం కొద్దిగా చావింటిలా కనబడితే చాలని ఇద్దరూ అనుకున్నారు. కొద్దిగా అంటే, సోఫా బయట పెడితే చాలని. చావింట్లో కుర్చీలు బయటా మనుషులు నేల మీదా ఉండటం అక్కడి పద్ధతి.

సోఫాని చెరోవైపూ పట్టుకుని గుమ్మం దాటించారో లేదో, ఎదురింటి ఫెలిస్టస్ చూసింది. ఆవిడ ఏమీ అడగలేదు. అలా అడగడం అక్కడ మర్యాద కాదు. చేతిలో బకెట్టు కింద పెట్టేసి, తల మీద రెండు చేతులూ పెట్టుకుని, వీధి చివరిదాకా వినబడేట్టు ఒక్క ఏడుపు ఏడ్చింది.

"అమ్మా ఫెలిస్టస్, ఆగు, నువ్వనుకున్నట్టు కాదు..."

"ఏడవనీ నాయనా, మొదట్లో అందరికీ నమ్మబుద్ధి కాదు!" అంటూ ఆవిడ కాసోండేని గుండెకి హత్తుకుంది.

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. వీధిలో ఆడవాళ్ళంతా ఇల్లు నిండిపోయి చాపల మీద కూర్చున్నారు. మగవాళ్ళు ఎక్కడినుంచో మొద్దులు మోసుకొచ్చి పెరట్లో మంట వేశారు. మొక్కజొన్న పిండి ఒకరు, క్యాబేజీలు ఒకరు తెచ్చి ఇచ్చారు. పోయింది ఎవరని ఒక్కరైనా అడిగితే చెప్పేద్దామని కాసోండే చూస్తున్నాడు. ఒక్కరూ అడగలేదు.

బూపె బజారునుంచి వచ్చి, గుమ్మం ముందు సోఫా చూసి, టమాటాలు నేల మీద వదిలేసింది. భర్త ఆ ఉదయమే బొగ్గు లారీ ఎక్కి వెళ్ళాడు. "నా మొగుడేనా? చెప్పరా!" అని తమ్ముడి చొక్కా పట్టుకుంది. కాసోండే చెవిలో అసలు సంగతి చెప్పగానే చెంప ఛెళ్ళుమనిపించింది. పాపం, దుఃఖంలో ఏం చేస్తోందో తెలియడం లేదని చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిణ్ణి పట్టుకుని కూర్చోబెట్టారు.

అమ్మమ్మకి ఎదురెళ్ళాల్సిన టెంబోని పెద్దవాళ్ళు మంట దగ్గర కట్టెలు ఎగదోసే పనిలో పెట్టేశారు. దాంతో ములెన్షి అమ్మమ్మ దర్జాగా తన వీధిలోకే వచ్చేసింది. మలుపు తిరగగానే ఏడుపులు వినబడ్డాయి. చావింటికి ముందు ఏడుస్తూ రావాలి, తర్వాత అడగాలి. పద్ధతి తెలిసిన మనిషి గనుక ఆవిడ అక్కణ్ణించే శోకాలు మొదలుపెట్టి లోపలికొచ్చి, ఫెలిస్టస్ పక్కన కూలబడి, అందరికంటే గొప్పగా ఏడ్చింది. ఆవిడ శోకం విని అప్పటిదాకా కళ్ళు తడవనివాళ్ళు కూడా తుడుచుకున్నారు. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు పక్కకి వంగింది.

"ఎవరే తల్లీ పోయింది?"

"నాకేం తెలుసు అమ్మమ్మా, సోఫా బయటుంది!"

కాసోండే చాప మీద పాక్కుంటూ వచ్చాడు. "అమ్మమ్మా... నువ్వే."

"ఎప్పుడు?"

"తెల్లారగట్ల."

"నాకెవరూ చెప్పలేదే!"

అతను ముక్కలు ముక్కలుగా అంతా చెప్పాడు. అమ్మమ్మ ఎగాదిగా చూసింది గాని ఏమీ అనే వ్యవధి లేకపోయింది. వీధిలో కేకలు వినబడ్డాయి. సూటు మీద గోనెపట్టా చుట్టుకుని, నెత్తిన చిల్లు కుండ పెట్టుకుని, భారీ మనిషి ఒకాయన గేటుకి అడ్డంగా పడుకున్నాడు.

"కోతుల్ని తినే నోరు ఇవాళొకటి తగ్గింది! అడవిలో కోతులన్నీ పండగ చేసుకుంటున్నాయి! నాకో కోడినిస్తే గాని శవాన్ని ఈ గేటు దాటనివ్వను!"

చావింట్లో ఏడ్చేవాళ్ళని నవ్వించడమే బావ వరసవాడి ధర్మం. జేరే దాన్ని ఏ లోటూ లేకుండా నెరవేరుస్తున్నాడు. జనం కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. అమ్మమ్మ మాత్రం లేచి నిలబడింది. కాసోండే ఆవిడ కొంగు పట్టుకు లాగాడు.

"అమ్మమ్మా, చచ్చిపోయావు! మాట్లాడకూడదు!"

"చచ్చిపోతే మటుకు? ఎలుకల్ని తినేవాడు నా గుమ్మంలో పడుకుని కోడినడుగుతుంటే ఊరుకుంటానా?" అని గుమ్మం మీదకి వచ్చింది. "ఒరే, నీకు కోడెందుకురా? కలుగు చూపిస్తా, నువ్వే పట్టుకో!"

జేరే లేచి కూర్చున్నాడు. కుండ తీసి పక్కన పెట్టాడు. "ఈవిడెవరు?"

అందరూ కాసోండే వైపు చూశారు. అతనికి ఏడుపొచ్చింది, ఈసారి నిజంగానే.

"పోయినావిడ, అయ్యగారూ. తప్పంతా నాది. మిమ్మల్ని టెంబో అనుకుని పొద్దున అలా మాట్లాడాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆ భయంలో వాడు అబద్ధమాడితే నోరు మూసుకుని ఉన్నాను."

జేరే గోనెపట్టా విప్పి పక్కన పెట్టాడు. "నువ్వు తిట్టావని కోపమొచ్చిందనుకున్నావా? ఎదురుగా పై అధికారి కూర్చున్నాడయ్యా. నవ్వాపుకోలేక ఫోను పెట్టేశాను. బెంబా మాటకి కోపం తెచ్చుకునేవాడు న్గోనీ ఎలా అవుతాడు? నేనే మళ్ళీ చేద్దామనుకున్నాను. ఈలోగా మీవాడు చావు కబురు చెప్పాడు." ఆయన గొంతు తగ్గింది. "పాపం, దుఃఖంలో ఉన్నాడు, రేపు పొద్దున్నే ఇంటర్వ్యూకి ఏం వస్తాడని జాలిపడ్డాను. నీ పేరు వచ్చే ఏడాదికి మార్పించేశాను. ఆ తర్వాతివాణ్ణి పిలిచేశారు కూడా. నీ దరఖాస్తులో ఇంటివాళ్ళ పేర్లు చూసి, పక్క కిటికీలో చెప్పి పెద్దావిడ మరణం కూడా నమోదు చేయించాను, నీకు తిరుగుడు తప్పుతుందని."

తిట్టు ఏమీ చెయ్యలేదు, జాలే కొంప ముంచింది. కాసోండే బయట పెట్టిన సోఫా మీద కూలబడ్డాడు. మంట దగ్గర టెంబో కట్టె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. బొగ్గు బస్తాల బరువు కాసోండే భుజాల మీద ఇప్పుడే పడ్డట్టుంది.

అమ్మమ్మ వాళ్ళ మధ్యలోంచి నడిచి వచ్చి, పెరట్లో చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంది. కళ్ళు మూసుకుంది.

"అమ్మమ్మా, ఏంటిది?"

"సర్కారు చంపేసిందిగా, ఇక లేవడమెందుకు? బెంబాల చావుకి గొయ్యి తవ్వాల్సింది బావ వరసవాడు. వచ్చాడుగా, తవ్వమను. లేదంటే నా మనవడి పేరు మళ్ళీ రాయించమను. రెండింట్లో ఏదో ఒకటి అయ్యేదాకా నేను శవాన్నే."

పద్ధతి పద్ధతే. ఫెలిస్టస్ పరుగున వెళ్ళి పార తెచ్చి జేరే చేతిలో పెట్టింది. అక్టోబరు ఎండలకి ఆ నేల రాయిలా ఉంది. సూటు వేసుకున్న జేరే ఓ పోటు పొడిచాడు, పార ఎగిరి వెనక్కొచ్చింది. మరో పోటు పొడిచాడు. కాలనీ అంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. కాసోండే కళ్ళు పార మీదే ఉన్నాయి. మూడో పోటుకి చెమటలు తుడుచుకుని, ఆయన జేబులోంచి ఫోను తీశాడు.

"అయ్యా, నేను జేరేని. రేపటి ఇంటర్వ్యూకి ఇంకో కుర్చీ వేయించాలి. ఆ బెంబా కుర్రాడు వస్తాడు... కారణమా?" ఆయన చాప వైపు చూశాడు. "చనిపోయినావిడ గట్టిగా సిఫార్సు చేశారండీ."

అమ్మమ్మ ఒక కన్ను తెరిచింది. పెరడంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. కాసోండే పరిగెత్తుకెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. అప్పటికే సగం ఉడికిన మొక్కజొన్న ముద్ద న్షిమాని ఎందుకు పారేయాలని జనం కూర్చుని తిన్నారు, జేరేకి కోడి తొడ దక్కింది.

మర్నాడు తెల్లచొక్కా వేసుకుని కాసోండే ఇంటర్వ్యూకి వెళ్ళాడు, బాగానే చెప్పాడు. ఉద్యోగం వచ్చింది. జనన మరణాల కిటికీలో వేశారు. ములెన్షి అమ్మమ్మ మాత్రం సర్కారు లెక్కలో ఇంకా పోయినావిడే, అందుకని ముసలివాళ్ళకిచ్చే పిండి కూడా ఆగిపోయింది. తను బతికే ఉన్నానని రాయించుకోవడానికి ఒకరోజు పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడి, మధ్యాహ్నానికి కిటికీ దగ్గరికి చేరి, "నాయనా..." అంది.

"రేపు రండి," అన్నాడు కాసోండే, తల ఎత్తకుండానే.