బత్తాయి షెడ్డులో గంధపు దండ

భాద్రపద మధ్యాహ్నవేళ, ప్రచండ మార్తాండుడు దేవరకొండ దుర్గశిలలను పెనంలా కాల్చుచుండగా, ఊరి చివరి రేకుల షెడ్డులో, పర్వతోపమానమైన బత్తాయి రాశి ఎదుట, హాజరుపట్టీధరుడు, స్వేదార్ద్రకంఠుడు, మేనేజరు సాయికిరణుడు నిలిచి ఉండెను. నాలుగింటికి లారీ కదలాలి. కదలకుంటే ఆతని కుర్చీ మరొకరిదగునని యజమాని ఉదయమే ఫోనులో ఆకాశవాణివలె పలికినాడు.

కాని ఏమి చోద్యం! నిన్నటిదాకా మెరుపువేగంతో పెద్దకాయ, చిన్నకాయ వేరుచేసిన వీరవనితాగణం నేడు ఒక్కొక్క బత్తాయిని పసికందులా నిమిరి డబ్బాలో పరుండబెట్టుచున్నది.

సాయికిరణుడు దండనాస్త్రం సంధించెను. "ముచ్చట్లు పెట్టినోళ్లకు చాయ్ బంద్!"

ముచ్చట్లు ఆగినవి. చేతులు మరింత మందగించినవి.

అంతట గోడవైపు చేయి చాచి బహుమానాస్త్రం వదిలెను. అక్కడ, నిన్నటి ఉత్తమ కార్మికురాలు మంజులత పటం గంధపు దండతో వెలుగుచుండెను. "ఇయ్యాల గెలిచినోళ్ల పటం గూడ గాడనే పెడ్త! గిట్లనే దండేస్త!"

సేన గజగజ వణికెను. ముందంజలో ఉన్న వనిత నిండబోయే డబ్బాలోంచి రెండు కాయలు తీసి రాశిలో కలిపెను.

అప్పుడు షెడ్డుకెల్ల పెద్దదైన అజీజా బేగం లేచెను. "బేటా, గా పటం జర దించు. పొద్దుగాల సద్ది ఇయ్యొచ్చిన మంజుల పెనిమిటి, గోడ జూసి దర్వాజల్నే కూలవడ్డడు."

"నేనింక బతికే ఉన్న సారూ," అన్నది మంజులత. "అగర్‌బత్తి ఒక్కటే తక్కువ."

"పూలదండైతే వాడిపోతదని, అక్కా..."

"వాడొద్దనే గద, పోయినోళ్లకు గది ఏసేది."

సాయికిరణుడు కుర్చీ ఎక్కి పటం దించి, రెండు చేతులా మంజులతకు అప్పగించెను. "తప్పైంది అక్కా. అందరికీ చాయ్ తెప్పిస్త. మంచిగ మాట్లాడుకోండ్రి."

"గట్ల నిలవడి సూస్తవేంది? డబ్బాలు మొయ్యి!" అని అజీజా ఆజ్ఞాపించెను.

ఆహా! పకపకలే రణభేరులు కాగా, పరనిందలే శంఖనాదములు కాగా, బత్తాయిలు బాణపరంపరలై డబ్బాలలో కురియగా, సేనానాయకుడే కూలియై మోయగా, రాశి కరిగెను, లారీ నిండెను!

దిక్పాలకులారా, ఆలకింపుడు! నాలుగింటి లారీ నాలుగున్నరకే కదిలెను! యజమాని ఫోనులో "అరగంట లేటు!" అని గర్జించి, చివరకు, "సరే" అనెను.

ఆ "సరే"యే సాయికిరణుని దిగ్విజయము.