తల్లిదండ్రులకు తెలుపు

"కొత్త సెమిస్టర్ మొదలయ్యేలోగా ఈ నియోజకవర్గంలో తెలియని తల్లి ఒక్కతి కూడా మిగలదు. తెలియని తండ్రి అసలే మిగలడు" అని విద్యామంత్రి గారు హైస్కూలు మైదానంలో ప్రకటించగానే చప్పట్లు మోగాయి. రెండో వాక్యానికి కొందరు పక్కవాళ్ల మొహాలు చూశారు గానీ చప్పట్లు మాత్రం ఆపలేదు.

పథకం పేరు 'తెలుపు'. అంటే తెలియజేయి అని. నినాదం 'తెలుపే మన గెలుపు'. బడి తెరిచేలోగా పిల్లలందరి ఇళ్లకీ వివరాలన్నీ చేరిపోతాయి. పిల్ల చదువు సగమే పట్టించుకునే మిస్టర్‌ని సెమీమిస్టర్ అంటారని మా ఆవిడ నన్ను చూపించి చెబుతుంటుంది. కాబట్టి ఈ పథకం మీద నాకు మొదటి రోజే భక్తి కుదిరింది.

హైస్కూలు ముందు గేటుకి ఎదురుగా నాది జిరాక్స్ దుకాణం. ఊళ్లో అసలు సంగతులన్నీ నకలు కోసం నా దగ్గరికే వస్తాయి. శుక్రవారం పొద్దున హెడ్మిస్ట్రెస్ గారు, అంటే పిల్లల భాషలో పెద్దమేడం, ఒక కాగితం తెచ్చారు. 'ప్రియమైన తల్లిదండ్రులారా' అని మొదలెట్టి నాలుగే ముక్కలు రాశారు. సోమవారం బడి తెరుస్తాం. గంట తొమ్మిదికి కాదు, ఎనిమిదిన్నరకే. ముందు గేటు మరమ్మతులో ఉంది, వెనక గేటు నుంచి రండి. కొత్త రోబో ల్యాబులో సీట్లు ముప్పై, ఆ గంట కొట్టేసరికి వరసలో ఉన్న మొదటి ముప్పై మందికి.

"నాలుగు వందల కాపీలు కావాలండీ. రేపు పుస్తకాలకొచ్చే పిల్లల చేతికివ్వాలి" అన్నారు.

నా ప్రాణం నాలుగో ముక్క దగ్గరే ఆగింది. మా అమ్మాయి తొమ్మిదో క్లాసుకొచ్చింది. ఆ ల్యాబు మీద మోజుతో సెలవులన్నీ గడియారం, మిక్సీ, నా కళ్లజోడు విప్పి చూసింది. మిక్సీ తిరగబడింది గానీ మళ్లీ తిరగలేదు.

మిషన్ వేడెక్కేలోగా మంత్రిగారి పీయే దిగారు. "మంత్రిగారు తెలపక ముందే మీరు తెలపడమేంటి మేడం?" అని కాగితం లాక్కుని, నా స్టూలు మీదే ఆఫీసు పెట్టి, ఎర్ర పెన్ను తీశారు. ఆ శ్రద్ధకి నేను ముగ్ధుణ్నయ్యాను.

"గంట ఎందుకు మార్చారని ప్రతిపక్షం అడుగుతుంది. కొట్టేయండి."

"గంటేనా? రోజూ కొడుతూనే ఉన్నామండీ" అన్నారు పెద్దమేడం.

"గేటు మరమ్మతంటే మా హయాంలో విరిగినట్టేగా. తీసేయండి."

"తీయడానికి రాకే కదండీ మరమ్మతు."

పీయే గారు నవ్వలేదు. ముప్పై సీట్లంటే ముప్పై ఒకటోవాడి ఇంటిల్లిపాది ఓట్లు పోతాయి కనుక సీట్లు ఎగిరిపోయాయి. సోమవారం అని రాసిచ్చాక ఆ రోజు మంత్రిగారికి తీరిక లేకపోతే మాట తప్పినట్టు కనుక సోమవారం పోయింది. 'ప్రియమైన' దగ్గర పెన్ను ఆగింది.

"ప్రియమంటే ఖరీదు. ధరలు పెరిగాయని మనమే రాసిస్తామా?"

"పోనీ 'తల్లిదండ్రులారా' ఉంచండి" అన్నారు పెద్దమేడం.

"అమ్మమ్మల దగ్గర పెరిగేవాళ్లు నొచ్చుకోరూ? ఆ సంతకం కూడా వద్దు. సంతకముంటే బాధ్యత ఉన్నట్టు."

అన్నీ పోగా మిగిలినదాన్ని నా చేత శుభ్రంగా కొత్త కాగితం మీదికి ఎక్కించారు. అంటే కొత్త కాగితం తీసిచ్చాను. పీయే గారు దాన్ని వెలుతురుకి పట్టి చూసి తృప్తిపడ్డారు. "ఇదీ శ్వేతపత్రమంటే."

సాయంత్రం మంత్రిగారు దాన్ని అందరి ముందూ విడుదల చేశారు. "ఇందులో మేం దాచిందేమీ లేదు. దమ్ముంటే ఒక్క అక్షరం తప్పు చూపించమనండి" అన్నారు. ఎవరూ చూపించలేకపోయారు.

తెల్ల కాగితాన్ని తెల్ల కాగితాల మీదికి నాలుగు వందల సార్లు నకలు తీయడం నా సర్వీసులో మొదటిసారి. "రీములోవి అలాగే పంచితే పోలేదాండీ?" అని అడిగాను.

"అవి ఉత్త కాగితాలయ్యా. ఇవి ప్రభుత్వ కాగితాలు."

ఒక కాపీలో, అద్దం మీద దుమ్ము వల్ల, చిన్న నల్ల చుక్క పడింది. పీయే గారు ఉలిక్కిపడ్డారు. "ఇదేంటి, ఏదో తెలుస్తోంది?" అద్దం తుడిపించి, ఆ కాపీ చింపించి, ఈ కాగితం తప్ప ఇంకో కాగితం గానీ, నోటిమాట గానీ బడి దాటకూడదని ఆర్డర్ ఇచ్చి వెళ్లారు. మొదటి ప్రతిని మాత్రం ఫ్రేము కట్టించడానికి తీసుకెళ్లారు.

ఒకటి ఇంటికి పట్టుకెళ్లి సంగతంతా చెప్పాను. మా అమ్మాయి తిప్పి తిప్పి చూసింది. "ఖాళీలు పూరించండి ప్రశ్నా నాన్నా?"

"ఊరికి తెలియకపోతే పోనీండి, మనకి తెలుసుగా. సోమవారం ఎనిమిదికే తీసుకెళ్లి నిలబెట్టండి. సీటెక్కడికీ పోదు" అంది మా ఆవిడ.

నాకూ అదే నచ్చింది. పిల్లకి నచ్చలేదు. "ఒక్కదాన్నే నిలబడితే దాన్ని వరస అనరమ్మా, వరస తప్పడం అంటారు."

"అందరూ వస్తే నీకు రాకపోవచ్చే."

"రాకపోతే నాన్న మిషన్ విప్పుకుంటాను."

నా మిషన్ మీద ప్రేమ కొద్దీ శనివారం పొద్దున్నే పెద్దమేడం దగ్గరికెళ్లాను. "ఆర్డర్లో రెండో వైపు గురించి ఏమైనా ఉందాండీ?"

ఆవిడ రెండుసార్లు చదివారు. "వేరే కాగితం వద్దన్నారు. ఇది ఆ కాగితమే. పైగా కాగితం రెండు వైపులా వాడాలని మన శాఖదే పొదుపు సర్క్యులర్ ఉంది." సర్క్యులర్ గుండ్రంగా తిరిగి పనికిరావడం నేనప్పుడే చూశాను. పాత నాలుగు ముక్కలూ, ఆ ప్రియం, ఆ సంతకం, అన్నీ ఆ తెల్ల కాగితాల వీపున ఎక్కి, పిల్లల చేతుల్లో ఇళ్లకి చేరాయి.

సోమవారం ఎనిమిదికల్లా వెనక గేటు దగ్గర జాతరలా జనం. మా అమ్మాయి చెప్పు తెగి, తిప్పలు పడి, ఇరవై తొమ్మిదోదిగా నిలబడింది. ఇంత నిజాయితీగా దొడ్డిదారిన సీటు సంపాదించిన పిల్ల ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

తొమ్మిది దాటాక నేను దుకాణం తెరుస్తుండగా, బడి ప్రారంభోత్సవానికని మంత్రిగారి కారు, వెనక బ్యాండు మేళం, ముందు గేటు దగ్గర ఆగాయి. గేటుకి తాళం. మనిషి జాడ లేదు.

"పిల్లలేరి? ఈ గేటు మూసుందేంటి? నాకెవరూ తెలపలేదేం?" అన్నారు మంత్రిగారు.

"తెలిపాం సార్. తమరి చేతుల మీదుగానే" అని పీయే గారు కార్లోంచి అద్దాల ఫ్రేము తీసి అందించారు.

మంత్రిగారు కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా నిదానంగా చదివారు. లోపల రెండో పీరియడు గంట కొట్టారు.

"అన్నీ స్పష్టంగానే రాశారు కదా" అని ఫ్రేము తిరిగి ఇచ్చేసి, గేటు ఎప్పుడు తెరుస్తారా అని నిలబడ్డారు.