మహోపన్యాసానికి రెండు మార్కులు

గొప్ప ఉపన్యాసాలు ఎవరికీ అర్థం కాకుండా కాపాడుతున్న గైడు పుస్తకాలకు మనమంతా చేతులెత్తి దండం పెట్టాలి! నవ్వకండి. ఇది సీరియస్ విషయం.

పదో తరగతి ఇంగ్లిష్‌లో ఒక పాఠం ఉంది. నల్లజాతి వాళ్ల హక్కుల కోసం ఒకాయన లక్షలాది జనం ముందు నిలబడి చేసిన ప్రసంగం. మనుషులంతా సమానం, ఇంకెన్నాళ్లు ఆగమంటారని నిలదీసిన ప్రసంగం. అలాంటిదాన్ని పదిహేనేళ్ల పిల్లల చేతికి ఉన్నదున్నట్టు ఇచ్చేస్తే ఇంకేమైనా ఉందా? కొంపలంటుకోవూ! అందుకే గైడు వాళ్లు అడ్డం పడ్డారు. సందేశానికి రెండు మార్కులు, భాషాసౌందర్యానికి ఎనిమిది. అలంకారాలు ఎన్ని? ఎన్నో పేరాలో ఉన్నాయి? వ్యతిరేక పదాలు రాయుము. జనాన్ని ఊపేసిన మాటలన్నీ బుద్ధిగా వచ్చి 'ఖాళీలు పూరింపుము'లో కూర్చున్నాయి. ఖాళీలు పూరిస్తూ పూరిస్తూ ఎవరైనా తిరగబడ్డారని మీరెక్కడైనా విన్నారా?

మా వదిన ఈ పాఠం చెప్పడంలో దిట్ట. పన్నెండేళ్ల సర్వీసు. గైడు తెరవకుండానే గైడులో ఉన్నదంతా గడగడా అప్పజెప్పేస్తుంది. ఆవిడ క్లాసు చూడాలి మీరు! నెలనెలా పరీక్ష పెట్టి మార్కుల్ని బట్టి బెంచీలు మారుస్తారు. మొదటి మూడు వరుసలు ర్యాంకుల వాళ్లవి. ఫ్యాన్లు వాళ్ల నెత్తిమీదే. ఫిల్టర్ నీళ్లు కూడా ముందు వాళ్లు తాగాకే మిగతావాళ్లు. ఆ వరుసల ఎదురుగా నిలబడి మా వదిన పన్నెండేళ్లుగా సమానత్వం బోధించింది. ఒక్కనాడూ నోరు తడబడలేదు. గైడు మహిమంటే అదీ!

పోయినేడు తేడా కొట్టింది. చివరి బెంచీ పిల్ల వల్ల. స్కూలు వ్యాను డ్రైవరు కూతురు. ఆ పిల్ల దగ్గర గైడు లేదు, అదే వచ్చిన చిక్కు. గైడు లేకపోయేసరికి పాపం ఏం చేస్తుంది? పాఠం చదివేసింది!

ప్రీఫైనల్లో రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. వక్త ఒకే మాటను పదేపదే ఎందుకు అన్నాడు? 'భాషకు అందము చేకూర్చి శ్రోతలను ఆకట్టుకొనుటకు' అని జవాబుల కీ చెబుతోంది. ఈ పిల్లేమో 'మొదటిసారి చెప్పినప్పుడు ఎవరూ వినలేదు కాబట్టి' అని రాసింది.

మా వదిన చెయ్యి అలవాటు కొద్దీ సున్నా చుట్టేసింది. మొత్తం కూడితే ముప్పైమూడు. పాసుకి ముప్పైఅయిదు కావాలి. ప్రీఫైనల్ తప్పినవాళ్లకి ఆ స్కూల్లో హాల్ టికెట్ ఇవ్వరు. నూటికి నూరు శాతం రిజల్టు పాడవకూడదు కదండీ! అంటే ఆ రెండు మార్కులు లేకపోతే ఆ పిల్లకి ఏడాది చదువూ గంగలో కలిసినట్టే.

మర్నాడు పిల్లని స్టాఫ్‌రూమ్‌కి పిలిచింది.

"ఇలా రాయమని నీకెవరు చెప్పారే? అందం కోసం అని క్లాసులో రాయించానా లేదా?"

"రాయించారు మేడమ్. కానీ వ్యాను తలుపు గడియ పడట్లేదని మా నాన్న ఆఫీసులో ఎనిమిదిసార్లు చెప్పాడు. అందం కోసం కాదు మేడమ్. ఇప్పుడు తాడుతో కడుతున్నాడు."

మా వదినకి సిగ్గేసింది. పన్నెండేళ్లలో ఆ పాఠం తనకి అర్థమవడం అదే మొదటిసారి మరి!

సరాసరి ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. ఆయన పేపరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"జవాబు బాగానే ఉంది మేడమ్. కీలో ఉందా?"

"కీలో లేదు సార్. ప్రసంగంలో ఉంది."

"ఇవాళ ఈ పిల్లకి మార్కులిస్తే రేపట్నుంచి అందరూ సొంతంగా ఆలోచించి రాస్తారు. అన్ని పేపర్లూ ఎవరు దిద్దుతారు, మీరా?"

ఆయన అన్నదాంట్లో తప్పేముంది చెప్పండి! నలభైమంది నలభై రకాలుగా ఆలోచిస్తే కూర్చుని చదవాల్సింది టీచర్లే కదా. కానీ మా వదిన అప్పటికే చేయి దాటిపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. అయినా అక్కడే సున్నా కొట్టేసి, రెండు వేసి, పక్కన సంతకం పెట్టింది.

"దిద్దింది నేను సార్. ఒప్పుకోకపోతే రేపట్నుంచి నా క్లాసులు మీరే చెప్పుకోండి."

పరీక్షల ముందు ఇంగ్లిష్ టీచరు ఎక్కడ దొరుకుతుంది? ప్రిన్సిపాల్ గుటకలు మింగి హాల్ టికెట్ ఇచ్చాడు. ఆ పిల్ల పరీక్ష రాసింది, పాసయింది. మా వదిన వారం రోజులపాటు నేలమీద నడవలేదంటే నమ్మండి!

చూశారా, ఒక్క పిల్లకి పాఠం అర్థమైతే ఎంత గొడవో! అయితే మీరేమీ బెంగ పెట్టుకోకండి. ప్రిన్సిపాల్ మహా తెలివైనవాడు. గైడు అచ్చు వేసేది ఆయన బావమరిదే. కొత్త ఎడిషన్లో ఆ పిల్ల జవాబుని గీతల పెట్టెలో పెట్టి, పక్కన మూడు నక్షత్రాలు కొట్టారు.

ఈ ఏడు మా వదిన ఆ పాఠం మొదలుపెట్టిందో లేదో, నలభైమంది కళ్లు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ అందుకున్నారు. "మొదటిసారి చెప్పినప్పుడు ఎవరూ వినలేదు కాబట్టి!" ఫ్యాను కింద వాళ్లూ అదే పాట, చివర్లో చెమట తుడుచుకుంటున్న వాళ్లూ అదే పాట.

ఫస్ట్ ర్యాంకు అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, ఇది ఇంపార్టెంటా?"

"చాలా ఇంపార్టెంటమ్మా."

నలభై పెన్నులు ఒక్కసారిగా ఆ లైను కింద గీత గీశాయి.

"అలా కాదర్రా! తలెత్తి నా మాట వినండి. నిజంగా ఇంపార్టెంట్" అంది మా వదిన.

రెండో గీత గీశారు.