పదకొండు గంటల సీను

ఆ రోజు ఉదయం కుర్ర దర్శకుడు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి అమ్మానాన్నలకు విషయం చెప్పాలి. పదకొండింటికి వాళ్లను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లి, సాక్షి సంతకాలు పెట్టించి, పెళ్లి చేసుకోవాలి. ఆర్నెల్లుగా ఇంట్లో చెప్పకుండా నీళ్లు నములుతున్నందుకు పెళ్లికూతురు, అంటే పళ్ల డాక్టరమ్మ, నిన్ననే తేల్చేసింది: "ఈసారీ ఒక్కడివే వస్తే నేనూ ఒక్కదాన్నే వెళ్లిపోతాను."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మనవాడు రాసి తీసిన రెండు సినిమాలూ రచ్చలో గెలిచాయి గానీ, ఇంట్లో అతని మాట ఒక్కటీ నెగ్గదు. తండ్రీ దర్శకుడే, తల్లి ఎడిటరు. కొత్త కథ ఏదైనా ముందు తమకే జరిగినట్టు ఇంట్లో చెప్పి చూడటం వాళ్లకు తాతల నాటి అలవాటు. కిందటి నెలే కొడుకు "ఒకణ్ణి చంపేశాను" అంటూ వచ్చి, తల్లి కళ్లు తిరిగి పడిపోయాక "అయితే సీను పండింది" అని సంతోషించాడు.

ఇప్పుడు గుండె చిక్కబట్టుకుని చెప్పాడు. "నాన్నా, నేను పెళ్లి చేసుకుంటున్నాను. ఇవాళే, పదకొండింటికి."

తండ్రి పేపరు మడిచాడు. "టైము పెట్టడం బాగుంది. పిల్ల ఏం చేస్తుంది?"

"పళ్ల డాక్టరు."

"కొత్తగా ఉంది. విలనెవరు?"

"విలన్ లేడు నాన్నా. ఇది నిజంగా జరుగుతోంది."

"ఆ ముక్క తీసెయ్," అంది తల్లి. "నిజం నిజం అంటే ఎవరూ నమ్మరు."

అమ్మ మీద ఒట్టేశాడు. హత్యకూ ఇలాగే ఒట్టేశావని ఆవిడ గుర్తుచేసింది. పెళ్లి నోటీసు చూపిస్తే, అచ్చం అసలుదిలాగే చేయించావని తండ్రి మెచ్చుకున్నాడు. చివరికి ఆయనే లేచాడు. "ఇది కాగితం మీద తేలదురా. ఆ ఆఫీసేదో చూడాలి, పద." కొడుక్కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కారు తాళాలు మాత్రం తీసుకున్నాడు.

ఆఫీసు మెట్ల మీద ఒంటరిగా నిలబడ్డ డాక్టరమ్మ, అతని వెనకాల ఇద్దరినీ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "మీరు రారనుకున్నానండీ."

తండ్రి కొడుకు చెవి దగ్గరికి వంగాడు. "గ్లిజరిన్ లేకుండానే ఏడుస్తోందిరా. ఈ అమ్మాయిని వదులుకోకు."

"వదులుకోను నాన్నా," అన్నాడు కొడుకు. పుట్టి బుద్ధెరిగాక ఆయనతో అంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

లోపల కెమెరా ఏదని తల్లి అడిగింది. రిహార్సలేమోనన్నాడు తండ్రి. వధూవరులు సంతకాలు చేశారు. "ఇది నిజం నాన్నా, చూసి పెట్టండి," అని కొడుకు ఆఖరిసారి చెప్పాడు. "ఆ నమ్మకం మొహంలో అలాగే ఉంచు," అంటూ ఆయన సంతకం గీకేశాడు. తల్లీ పెట్టింది. అధికారి ముద్ర వేసి అభినందనలు చెప్పాడు.

తల్లి ఆ తడి ముద్రను చూసింది. పైన కొడుకు పేరూ, తమ ఇంటి అడ్రసూ చదివి, మెల్లగా కుర్చీలో కూర్చుంది. "ఏమండీ, ఇందులో కత్తిరించడానికి ఏమీ లేదు," అంది. డాక్టరమ్మ మంచినీళ్లు అందిస్తే ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

తండ్రికి ఇంకా వెలగలేదు. "అంతా బాగుంది గానీ, సంతకం చేసేటప్పుడు పిల్ల చెయ్యి వణికింది. ఇంకో టేక్ తీసుకుందాం."

అధికారి రిజిస్టరు మూశాడు. "ఇంకోసారి చేసుకోవాలంటే ముందు విడాకులు తీసుకోవాలండీ. దానికి ఫ్యామిలీ కోర్టు పక్క వీధిలో."